డ్రైవరు సీట్లో బరువు

ఆ షెడ్డులో కబుర్లు ఆగిపోయి ఆరేళ్లయింది. కారు తెచ్చేవాళ్లు రెండు ముక్కలు చెప్పి తాళాలిచ్చి పోతారు. తీసుకెళ్లేవాళ్లు రెండు ముక్కలు విని పోతారు. మధ్యలో రోజంతా మేస్త్రి, ఆయన పానాలు, గోడ మీద నూనె మరకలు పడ్డ గడియారం. అంతే.

ఆయన్ని అందరూ అరచెయ్యి మేస్త్రి అంటారు. కారు ఊగుతోందనో, ఒక పక్కకి లాగుతోందనో, టైరు ఒక అంచునే అరుగుతోందనో ఎవరొచ్చినా ఆయన ముందు యంత్రం దగ్గరికి పోడు. గొంతుక్కూర్చుని టైరు మీద అరచెయ్యి పెట్టి, లోపల్నుంచి బయటికోసారి, బయట్నుంచి లోపలికోసారి నిమురుతాడు. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్లలా తగిలితే చక్రం తిన్నగా దొర్లకుండా రోడ్డు మీద ఈడ్చుకుపోతోందన్నమాట. ఎత్తుపల్లాలు తగిలితే కుదుపులు ఆపే షాకబ్జర్లు పోయినట్టు. యంత్రం ఆ తర్వాత చెప్పేది కూడా అదే. టైరు సంగతి ఇంత తెలిసిన మనిషికి ఇంట్లో మనిషి సంగతి ఎంత తెలుసని మాత్రం అడక్కండి. ఇప్పుడు చెప్పబోయేది ఆ గొడవే.

ఒకప్పుడు షెడ్డులో ఇద్దరుండేవారు. రెండోవాడు ఆయన బావమరిది, భార్యకి సొంత తమ్ముడు. చక్రాల కొలతలు మేస్త్రివి, విప్పడం బిగించడం బావమరిదివి. పద్దెనిమిదేళ్లు అలాగే నడిచింది. పని చివర్లో వాళ్లకో ఆనవాయితీ ఉండేది. కారుని లిఫ్టు మీంచి దించి, కారు కింద పని చెయ్యడానికి నేలలో తవ్విన గొయ్యి మీదకి తెచ్చి ఆపి, బావమరిది గొయ్యిలోకి దిగుతూ, "బావా, ఎక్కి కాసేపు కూర్చో" అనేవాడు. మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చుని టీ తాగేవాడు. కింద నుంచి పానా చప్పుడు, దానితోపాటే మాటలు.

"ఏం బావా, నిన్న మా అక్క నీకు బాగా తలంటిందటగా?"

"మీ అక్కకి వచ్చిన విద్య అదొక్కటేగా."

పెద్దవాణ్ణని మర్యాద చేస్తున్నాడు, కాసేపు నడుం వాలుస్తానని కూర్చోబెడుతున్నాడు అనుకునేవాడు మేస్త్రి. రోజు మొత్తంలో ఆయనకి ఇష్టమైన పావుగంట అదే.

ఆరేళ్ల కిందట డ్రిల్లు మాస్టారి కారొకటి వాళ్లని విడగొట్టింది. ముందు చక్రాల కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులు మార్చి పంపిన మూడు నెలలకి, కొత్త టైర్ల లోపలి అంచులు తీగలు బయటపడేలా అరిగి తిరిగొచ్చింది. మాస్టారు నలుగురిలో నిలదీశాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. కొలతలు తప్పని ఒప్పుకుంటే అరచెయ్యి అన్న పేరు ఏమవుతుంది? "నా కొలత తప్పదు మాస్టారూ. బిగింపు వీడిది. వీడి చేతి పనే ఇలా ఏడిచింది" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. బావమరిది కారు కిందకి ఒకసారి వంగి చూశాడు. లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

"మా తమ్ముడికి ఒక్క ఫోను చెయ్యండి. మీ సొమ్మేం పోయింది?" అని భార్య రెండేళ్లు అడిగింది. మేస్త్రి చెయ్యలేదు. నాలుగేళ్ల కిందట ఆవిడ పోయింది. తమ్ముడు వచ్చాడు, అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు, బావ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మేస్త్రి ఇంట్లో ఒక గిన్నె, ఒక కంచం. గొయ్యితో పనేముందని దాని మీద చెక్కలు పరిచి పాత టైర్లు పేర్చేశాడు. విప్పడమైనా బిగించడమైనా అంతా లిఫ్టు మీదే. టైర్లు అరిగి ఏ కారైనా తిరిగొస్తే, తప్పు గతుకుల రోడ్ల మీదకి నెట్టేసేవాడు.

ఇళ్లకి వెళ్లి కట్లు మార్చే నర్సమ్మ కారు ఈ మధ్య ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది. బుష్షులు కొత్తవి వేశాడు, షాకబ్జర్లు కొత్తవి వేశాడు, చక్రాల అలైన్‌మెంట్ వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాడు. నెల తిరిగేసరికి కొలత చెదిరిపోయేది, టైరు లోపలి అంచు తింటూ ఉండేది. మళ్లీ పెట్టాడు. మళ్లీ చెదిరింది. మూడోసారి నర్సమ్మ తాళాలు బల్ల మీద పెట్టి నిలబడింది.

"మేస్త్రి గారూ, ఇదే కారు మీ బావమరిది గారు బిగించినప్పుడు నాలుగేళ్లు మళ్లీ దాని వంక చూసుకోలేదు నేను. ఈసారీ కాకపోతే వేరేచోటికి వెళ్లక తప్పదు. ఏమీ అనుకోకండి."

ఆవిడ వెళ్లాక మేస్త్రికి రోషం ముంచుకొచ్చింది. కారు లిఫ్టు ఎక్కించి బుష్షులకి లైటు కొట్టి చూశాడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. రబ్బరు తిన్నగా, కుదురుగా ఉంది. ఏ లోపమూ లేదు. విసుగొచ్చి కారు దించేశాడు. లైటు చేతిలోంచి జారి కారు కిందకి దొర్లితే, తీసుకుందామని బోర్లా పడుకున్నాడు. ఆ వెలుగులోనే రబ్బరు మళ్లీ కనపడింది. ఇప్పుడది పిండిన తడిగుడ్డలా మెలితిరిగి ఉంది. మెలిక దగ్గర సన్నగా చీలింది కూడా.

ఆయన అలాగే నేల మీద ఉండిపోయాడు. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వాటంలోనే పట్టేసుకుంటుంది. కారు నేల మీదకి రాగానే మెలితిరుగుతుంది. రోజూ ఆ మెలికలోనే నలిగి నలిగి సడలుతుంది, దాంతోపాటు చక్రమూ పక్కకి తిరుగుతుంది. బరువు నేల మీద ఉన్నప్పుడే, రోడ్డు మీద నడిచేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉన్నప్పుడే బిగించాలి. సీట్లో మనిషితో సహా.

బావా, ఎక్కి కాసేపు కూర్చో.

అది మర్యాద కాదు, పని. పద్దెనిమిదేళ్లు దాని మీద కూర్చుని టీ తాగాడు గానీ అదేమిటని ఒక్కసారీ అడగలేదు. ఆ వెంటనే మరొకటి గుర్తొచ్చింది, అది రాకపోతే బాగుండేది. డ్రిల్లు మాస్టారి కారు బిగించిన రోజు భార్యకి ఆపరేషను. తమ్ముడు అక్క దగ్గర ఆసుపత్రిలో ఉన్నాడు. మాస్టారు తొందరపెడుతుంటే ఆ బోల్టులు తానే బిగించాడు, లిఫ్టు మీద, ఒక్కడే.

మర్నాడు చెక్కలు తీసి గొయ్యి ఊడ్చాడు. కొత్త బుష్షులు వేసి, బోల్టులు వదులుగానే ఉంచి, కారు గొయ్యి మీదకి తెచ్చాడు. సీట్లో కూర్చోమనడానికి ఎవరూ లేరు. రెండు గోతాల్లో ఇసుక నింపి, నర్సమ్మంత బరువు తూచి, డ్రైవరు సీట్లో పెట్టి, ఒరిగిపోకుండా బెల్టు పెట్టాడు. కిందకి దిగి బిగించడం మొదలుపెట్టాడు. కింద చల్లగా ఉంది. పానా చప్పుడు ఒక్కటే వినపడింది. పద్దెనిమిదేళ్లు వాడు ఇక్కణ్ణుంచి పైకి మాట్లాడాడు, తనని నవ్వించాడు. మేస్త్రి ఏదో అనబోయి, పైన ఉన్నది ఇసుక అని గుర్తొచ్చి మానుకున్నాడు. గొయ్యి గోడకి తల ఆనించి ఏడ్చాడు. చూసేవాళ్లు లేరు కాబట్టి దాచుకునే పనీ లేకపోయింది.

చేత్తో చూడందే ఏదీ నమ్మే రకం కాదాయన. రెండు నెలలు ఆగి నర్సమ్మ టైర్లు నిమిరాడు. అటైనా ఇటైనా నున్నగా ఉన్నాయి. ఆవిడ సంతోషంగా వెళ్లింది. ఆయనకి సంతోషం రాలేదు, తప్పు తనదేనని అరచెయ్యే సాక్ష్యం చెప్పాక ఎలా వస్తుంది? చిరిగిన పాత బుష్షు జేబులో వేసుకుని, ఊరికి ఆ చివర బస్సుల డిపోకి వెళ్లాడు. బావమరిది అక్కడ టైర్ల గదిలో పనిచేస్తున్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

"రండి" అన్నాడు. "కూర్చోండి."

ఆ 'అండి' మేస్త్రికి గుచ్చుకుంది. కూర్చోకుండానే బుష్షు తీసి వాడి చేతిలో పెట్టాడు. బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాల్లో బిగించారు."

"నేనే. మాస్టారి కారు కూడా నేనే. నువ్వా రోజు మీ అక్క దగ్గరున్నావు."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావురా?"

"నలుగురిలో మీరు నన్నన్నారు. అదే నలుగురిలో నేను మిమ్మల్నంటే అక్క ఎవరి పక్కన నిలబడుతుంది? దానికి ఆపరేషనై అప్పటికి మూడు నెలలే, ఇంకా తేరుకోనేలేదు."

మేస్త్రి, "తప్పు నాది" అన్నాడు. ఆరేళ్లు ఆలస్యమైన మాట, చిన్నగా వచ్చింది. మళ్లీ షెడ్డుకి రమ్మని అడిగాడు. బావమరిది తల అడ్డంగా ఊపాడు. ఉద్యోగం వదలలేనన్నాడు, పిల్లల చదువులున్నాయన్నాడు. అతని మాటల్లో కోపం మాత్రం లేదు.

"ఒక్కరే ఎలా బిగిస్తున్నారు మరి?"

"సీట్లో ఇసుక బస్తా పెడుతున్నాను."

బావమరిది నవ్వాడు. మేస్త్రి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఒక్కటి చెప్పు. అన్నేళ్లూ నన్ను ఎక్కించి కూర్చోబెట్టింది బరువు కోసమేనా?"

బావమరిది చేతిలోని బుష్షుని బొటనవేలితో నొక్కి చూశాడు.

"బరువు కోసమే అయితే, అప్పుడూ బస్తా చాలేది కదా బావా. నువ్వెందుకూ?"