రేపల్లె అత్తగారి గ్రూప్ ఫొటో

ఆ రోజుల్లో కెమెరా గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివాను మరి. (బాపట్లలో మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాని కాగితాలు చదివేది నేను. వస్తువు వాడుకునేది మిగతావాళ్ళు.) డిగ్రీ అయ్యాక తెనాలిలో ఒక ఫొటో స్టూడియోలో చేరాను. పెళ్ళికూతురి గదిలో ఫొటోలు తీయడానికి ఆడపిల్ల ఉంటే బాగుంటుందని స్టూడియో యజమాని అనుకున్నారు. ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు, ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా. చేరిన రోజే కెమెరా నా చేతికిచ్చి ఏదో ఒకటి తీయమన్నారు. జూమ్ లెన్సు మీద పద్దెనిమిది నుంచి యాభై అయిదు దాకా అంకెలున్నాయి. చిన్న అంకె దగ్గరివాటికి, పెద్ద అంకె దూరపువాటికి అని నేను తేల్చుకున్నాను. పద్దెనిమిది దగ్గర పెట్టి, మూరెడు దూరంలోకి వెళ్ళి ఆయన మొహమే తీశాను. ముక్కు ముందుకొచ్చింది, చెవులు వెనక్కి పోయాయి. "పర్లేదులే, నేర్చుకుంటావు" అన్నారు. నేనది మెచ్చుకోలు అనుకున్నాను.

మూడో నెలలో మాస్టారికి జ్వరం వచ్చి ఒక పెళ్ళి నా ఒక్కదాని మీద పడింది. పెళ్ళికూతురిది తెనాలి, పెళ్ళికొడుకుది రేపల్లె. మగపెళ్ళివారికి మర్యాదలో లోటు రాకూడదని పెళ్ళికూతురి తల్లి పొద్దుటినుంచి కనబడినవాళ్ళందరికీ చెబుతున్నారు, నాకు కూడా. గ్రూప్ ఫొటోకు ముప్ఫై మంది నిలబడ్డారు. నా వెనకే భోజనాల బల్లలు, వాటి మీద అప్పుడే విస్తళ్ళు వేస్తున్నారు. వెనక్కి జరగడానికి చోటు లేదు. రింగు పద్దెనిమిదికి తిప్పగానే అందరూ పట్టారు. చదువు ఊరికే పోలేదనుకున్నాను. అంతటితో ఆగినా సరిపోయేది. మర్యాద గుర్తొచ్చి, మండపంలోని రెండు పెద్ద నగిషీ కుర్చీలు తెప్పించి, అందరికంటే ముందు, వరుసకు రెండు చివరలా వేయించాను. ఒకదాంట్లో పెళ్ళికొడుకు తల్లిని, రెండోదాంట్లో తండ్రిని కూర్చోబెట్టాను. ఆ ఆలోచన పూర్తిగా నాదే.

ఆల్బం రేపల్లె చేరిన మూడో రోజు పెళ్ళికూతురు ఫోన్ చేసింది. పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, మా అత్తగారు ఆల్బం తీసి బీరువా పైన పెట్టేశారు. మా అమ్మ కావాలనే ఆవిడని అలా తీయించిందంటున్నారు. రెండు రోజుల్నుంచి నాతో మాటల్లేవు. ఏం చేశావక్కా?"

కంప్యూటర్లో ఫొటో తెరిచాను. పెళ్ళిలో కెమెరా వెనక తెర మీద తలలు లెక్కపెట్టుకున్నానే తప్ప మనుషుల్ని చూడలేదు. మధ్యలో పెళ్ళికూతురి తల్లి సన్నగా, చక్కగా ఉన్నారు. ఒక చివర అత్తగారు కుర్చీ నిండిపోయి ఇంకా మిగిలారు. బుగ్గ ఒకటి పక్కకి సాగింది. మోకాళ్ళు ఆవిడకంటే ముందు వచ్చాయి. నా ఉద్యోగం సంగతి తర్వాత. కాపురానికి వెళ్ళి నెల కూడా కాని పిల్ల, అత్తగారితో మాటల్లేకుండా అదే ఇంట్లో అన్నం తింటోంది. దానికి కారణం నేను.

మాస్టారు తిట్టలేదు. స్టూడియో ముందు ప్లాస్టిక్ స్టూలు వేసి, పద్దెనిమిదిలో దగ్గరకెళ్ళి ఒకటి తీయమన్నారు. తర్వాత యాభై అయిదులో పెట్టి, స్టూలు అంతే సైజు కనబడేదాకా వెనక్కి నడిచి ఇంకొకటి. మొదటిదాంట్లో ముందు కాళ్ళు ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. రెండోదాంట్లో స్టూలు స్టూలులాగే ఉంది.

"ఎంత మేర పట్టాలో రింగు చెబుతుంది, అంతేనమ్మా. రూపాన్ని మార్చేది నువ్వు నిలబడిన చోటు. దగ్గరకెళ్ళి వెడల్పుగా పట్టించావు, చివర ఉన్నవాళ్ళు సాగిపోయారు."

ఆ జూమ్ లెన్సు విప్పేసి, యాభై అని ఒకే అంకె ఉన్న పొట్టి లెన్సు బిగించారు. దీనికి జూమ్ ఏదండీ అని అడిగితే, లేదు, నడవటమే అన్నారు.

మర్నాడు రేపల్లె పాసింజర్ ఎక్కాను. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఏ దూరంలో మనిషి ఎలా కనబడతాడో ఒక కన్ను మూసి చూడటం మొదలుపెట్టాను. వేమూరు వచ్చేసరికి ఎదురుగా కూర్చున్నావిడ లేచి వేరే సీటుకు మారిపోయింది. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ నిజంగానే అంత లావైతే? తప్పు లెన్సుది కాకపోతే నేను రేపల్లెలో ఏం చెప్పను?

తలుపు తీసింది ఆవిడే. లావే. అయితే ఫొటోలో ఉన్నంత కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నమస్కారం పెట్టి, తప్పు నాదేనండి, దగ్గరగా నిలబడి తీశాను, పెళ్ళికూతురి అమ్మగారికి ఏమీ తెలియదండి, మళ్ళీ తీస్తానండి అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చారు.

ఇంటిముందు అందరినీ నిలబెట్టాను, అత్తగారిని మధ్యలో, కోడలిని పక్కన. యాభైలో నలుగురే పట్టారు. వెనక్కి జరిగాను. గేటు దాటాను. రోడ్డు దాటాను. ఎదురింటావిడ, "అమ్మాయ్, వడియాలు చూసుకో" అంది. వడియాలు ఎండబెట్టిన మంచం చుట్టూ తిరిగి వాళ్ళ అరుగెక్కాను. మధ్యలో ఆటోలు అడ్డొస్తున్నాయి.

అవతలినుంచి అత్తగారు అరిచారు. "ఇంకెంత దూరం పోతావమ్మాయ్? పెనుమూడి రేవు దాకా పోయి తీస్తావా?"

పక్కనున్న కోడలికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. అది చూసి ఆవిడకూ నవ్వొచ్చింది. నేను అప్పుడు నొక్కాను.

తెర మీద ఆ ఫొటో ఆవిడ చాలాసేపు చూశారు. "ఇది నేను" అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగి, "మీ అమ్మకి ఫోన్ కలుపు, ఈ పిల్ల తినివెళ్తుందని చెబుదాం" అన్నారు. (నేను తినడానికీ, తెనాలికి ఫోన్ చేయడానికీ సంబంధం ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.) నేను బయల్దేరుతుంటే మామగారు గేటు దాకా వచ్చారు. గాలొస్తే పట్టుకోవాల్సినంత బక్కమనిషి.

"ఆ పాతది నాకొకటి వేసిస్తావా అమ్మా? అందులో నేను కాస్త మనిషిలా ఉన్నాను."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మాస్టారు పోయి నాలుగు నెలలైంది. పెద్దకర్మకు ఫ్రేము కట్టించడానికి ఫొటో కావాలని ఆయన భార్య నన్నే అడిగారు. ఎందరికో ఫ్రేములు కట్టిన స్టూడియోలో ఆయనది వెతికితే లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి. ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేసి దండ వేశాం. తర్వాత ఆయన కంప్యూటర్లో, మొదటి రోజు నేను తీసిన ఆ ముక్కు ఫొటో దొరికింది. చెరిపేయకుండా దాచారు. దగ్గరగా తీసిన ఫొటోని అంతే దగ్గరగా పెట్టుకుని చూస్తే రూపం సర్దుకుంటుందని ఆయనే ఒకసారి చెప్పారు. ప్రింటు వేసి, ఒక కన్ను మూసి, మొహం దాకా తెచ్చుకుని చూశాను. నిజమే. ముక్కు వెనక్కి వెళ్ళింది, ఆయన వచ్చారు. ఆ రోజు ఆయన ఎదురుగా కెమెరా పట్టుకుని, అంతా తెలుసనుకుంటున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త వెనక్కి జరిగి ఇంకొకటి తీసుకోవే అని చెప్పాలనిపిస్తుంది.