అర్థం రేపు చెప్తాను

వినుకొండలో నాతోపాటు పనిచేసిన ఉర్దూ మాస్టారిది దూది ఏకేవాళ్ల కుటుంబం. ఇంట్లో అందరిదీ తెలుగే. ఉర్దూ మోజు ఆయన ఒక్కరిదే. రిటైరయ్యాక కూడా వాళ్ల వరండాలో నన్ను కూర్చోబెట్టి కథ మొత్తం ఉర్దూలోనే చదివేవారు. నాకు ఒక్క ముక్క తెలియదు.

"ముందు చప్పుడు వినండి మాస్టారూ. అర్థం రేపు చెప్తాను" అనేవారు.

మర్నాడు తప్పకుండా చెప్పేవారు. తెల్లదొరల కాలంనాటి కథలు, దేశం ముక్కలైనప్పుడు ఇళ్లు వదిలి నడిచినవాళ్ల కథలు అలాగే విన్నాను. ఆయనా రాసేవారు. మిరపకాయల తొడిమలు తీసి, చేతుల మంటతో బిడ్డను తాకలేని తల్లి కథ ఆయనదే. నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. ఒక్క కథా అచ్చు కాలేదు.

పోయిన వేసవిలో తన కొత్త కథ చదువుతూ చివరి పేజీలో ఏడ్చేశారు. అర్థం రేపన్నారు. తెల్లారేసరికి ఆయన లేరు.

నలభై రోజులయ్యాక ఆ పుస్తకాలు అచ్చు వేయిద్దామని వెళ్లాను.

"ఖురాన్ రాసుకున్న పుస్తకాలే కదా సార్" అంది కూతురు. "మాకు ఆ అక్షరాలు చదవడం రాదు. కాళ్ల కింద పడితే పాపమని, తెల్లగుడ్డలో చుట్టి సాగర్ కాలవలో వదిలామండి."

పాత ఖురాన్ కాగితాలను వాళ్లు అంత భక్తిగానే సాగనంపుతారు. అవి కథలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఆఖరి రోజు ఏడుస్తా చదివారే, అందులో ఏముంది సార్?" అనడిగింది.

"రేపు చెప్తానన్నారమ్మా" అన్నాను.