పూత మీద బొట్టు

స్పిరిట్‌లో తడిపిన గుడ్డ వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఈ పొద్దున సోలార్ పార్కులో జనరేటర్ భాగాలు తుడుస్తుంటే అదే వాసన, అదే బెదురు. వెంటనే పావగడలో నాగరాజన్న ఇంజన్ షెడ్డు గుర్తొచ్చింది. డిప్లొమా చేసిన ఆడపిల్లను ఏ షెడ్డువాళ్ళూ గడప తొక్కనివ్వని రోజుల్లో నన్ను పనిలో పెట్టుకున్న మనిషి ఆయన. ఆయనకు పని బాగా వచ్చు, భయపడటం అంతకంటే బాగా వచ్చు. ఆ భయం చూసి మొదట్లో చాటుగా నవ్వుకునేదాన్ని.

ఆ వేసవిలో వై.ఎన్.హొసకోట ఊరి హనుమంతరెడ్డి తన బోరు బండి కంప్రెసర్ ఇంజన్‌ను మా దగ్గర దించాడు. నీళ్ళు కిందికి పోయేకొద్దీ రాయిని ఇంకా లోతుకు కొట్టాలి, గాలి ఎక్కువ కావాలి. అందుకని దానికి గాలి ఎక్కించే పెద్ద టర్బో బిగించి డీజిల్ పెంచారు. బలమైతే వచ్చింది గానీ వేడీ పెరిగింది, ఆ వేడికి పిస్టన్లు రెండుసార్లు కరిగిపోయాయి. "మళ్ళీ పోయిందంటే బండి అమ్ముకోవాల్సిందేనప్పా," అన్నాడు రెడ్డి. బెంగళూరులో పిస్టన్లకు వేడి తట్టుకునే సెరామిక్ పూత వేస్తారని నేనే చెప్పాను. నాగరాజన్నకు అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

"పూత పెచ్చులూడితే ఏమైతాది పాపా?"

"సరిగ్గా వేస్తే ఊడదన్నా."

"సరిగ్గా వేసినారని మనకెట్ల తెలుస్తాది? పెచ్చు ఊడితే లైనర్ గీసుకపోతాది. ఆయప్ప బండిని మనమే చంపినట్లయితాది."

చివరికి పిస్టన్ తలకు మాత్రమే పూత, అది ఆడే గొట్టానికి, అంటే లైనర్‌కు, ఒరుసుకునే పక్కలకు వద్దని తేల్చాడు. బెంగళూరులో పూత వేయించి తెచ్చాక కూడా ఆయన ముఖం తేటపడలేదు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. పిస్టన్‌ను లోపలికి దించే ముందు దాని తలకు కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, గరుకైన ఎమరీ కాగితంతో ఆ బొట్టు రుద్దేసేవాడు నాగరాజన్న. మామూలు పిస్టన్‌కు దానివల్ల ఏమీ కాదు. పూతకు మాత్రం గీత పడుతుంది, గీత పడిన చోటే పెచ్చు లేస్తుంది. ఈసారి స్పిరిట్ గుడ్డతోనే తుడవాలని ఆయనే పదేపదే అనుకున్నాడు. ఇంజన్ అంతా బిగించేశాం. రెడ్డి బండితో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు నాగరాజన్న నూనె డబ్బా మీద కూలబడ్డాడు.

"ఆఖరి పిస్టన్ దేంతో తుడిచినాను పాపా?"

నేను చూడలేదు. "గుడ్డతోనే అయ్యుంటాదన్నా," అన్నాను.

"అయ్యుంటాదంటే చాలదు. విప్పుదాం పా."

రెడ్డి మండిపడ్డాడు. "నీ అనుమానానికి నా బండి ఆపుతావా? అరసికెరెలో రైతు కాసుకోని ఉండాడప్పా."

నాగరాజన్న స్పానర్ అందుకున్నాడు. ఒక్కో బోల్టూ విప్పాడు. ఇంజన్ పైమూత ఎత్తి టార్చి వేస్తే పూత నున్నగా ఉంది, ఒక్క గీతా లేదు. అంత పనీ వృథా అయిందని నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏముండాది చూడు. ఏమీ లేదు," అన్నాడు రెడ్డి.

"లేదని ఇప్పుడు తెలిసింది రెడ్డీ. ఇందాక తెల్దు."

మూత కింద కొత్త గాస్కెట్ వేసి మళ్ళీ బిగించాం. ఆ వేసవంతా ఇంజన్ చక్కగా ఆడింది. రెడ్డి మాత్రం నాగరాజన్న పిరికివాడని టీ కొట్లలో చెప్పుకుని తిరిగాడు, మళ్ళీ మా షెడ్డుకు రాలేదు. ఆ మాటకు ఆయన లోపల నొచ్చుకున్నాడని నాకు తెలుసు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

నాగరాజన్న ఇప్పుడు లేడు. ఆయన భయం నాకు అంటుకుంది. ఏ బోల్టయినా బిగించానో లేదో గుర్తు రాకపోతే, పైనుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా పని ఆపేసి విప్పుతాను. చాలాసార్లు లోపల ఏ తప్పూ ఉండదు. పక్కవాళ్ళు నవ్వుతారు. నాకు భయం వేస్తుంది, సిగ్గు మాత్రం వేయదు.