పొగ తాగలేదన్న జవాబు

మా ఆయన ఆఖరి చలికాలంలో నేను లైబ్రరీలో వారానికి ఒక పేరా చొప్పున ఒక పాఠం చదివాను. సిగరెట్టు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందా, రాదా అని వెనకటికి డాక్టర్లూ లెక్కల పండితులూ ఏళ్ల తరబడి వాదించుకున్న సంగతి ఆ పాఠం. నేను పొగాకు పనిలో పెరిగానని తెలిసి మా టీచరమ్మ దాన్ని ఏరి పెట్టింది. ఆమె రిటైరైన నర్సు. మంగళవారాలు నాలాంటి పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేది. మా ఇంట్లో జబ్బు ఉందని అప్పటికి ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. దగ్గు ఉందని మాత్రం తెలుసు.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు నేల. ఆ నేలలో మాకు సెంటు కూడా లేదు. మా ఆయన బ్యారన్లు కాల్చేవాడు. బ్యారన్ అంటే పచ్చాకును వేడికి ఆరబెట్టే పొడవాటి గది. లోపల వేడి ఎక్కినా దిగినా ఆకు రంగు చెడుతుంది, కాబట్టి ఆ మనిషి పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. నేను ఆడవాళ్లతో కూర్చుని పచ్చాకును కర్రలకు అల్లేదాన్ని. ఆ జిగురు చేతులకు నల్లగా పట్టి, ఎంత తోమినా అన్నం ముద్ద చేదుగానే ఉండేది. తడి ఆకు అల్లిన రోజు కడుపులో తిప్పి వాంతులయ్యేవి. అది ఆకు విషమని మాకెవరూ చెప్పలేదు. ఎండదెబ్బ అనుకునేవాళ్లం. మగవాళ్లు కాల్చిన ఆకులోంచి మంచిది ఏరుకుని చుట్ట చుట్టుకునేవాళ్లు. మా ఆయన పదిహేనేళ్లకే మొదలుపెట్టాడు.

మా అమ్మాయి ఇంజనీరు. ఇక్కడ అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీలో పనిచేస్తుంది. మనవరాలు పుట్టినప్పుడు మమ్మల్ని పిలిపించుకుంది, తర్వాత గ్రీన్‌కార్డులు తెప్పించింది. మనవరాలిని శనివారం తెలుగు బడికి తీసుకెళ్లి, వెనక బెంచీలో కూర్చుని, ఆ పిల్లలతోపాటే నేనూ అక్షరాలు దిద్దాను. తెలుగు చదవడం వచ్చాక ఇంగ్లీషు మీద ఆశ పుట్టి లైబ్రరీకి వెళ్లాను.

ఒట్టు సంగతి ముందు చెప్పాలి. పాపను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన ఎత్తుకోబోతే మా అమ్మాయి అడ్డం వచ్చింది.

"ఆ వాసనతో పాపని ముట్టుకోవద్దు నాన్నా. ఇప్పుడే మానేస్తానని ఒట్టెయ్."

"మానేస్తాలేమ్మా, మాటంటే మాటే."

"మాట కాదు. ఒట్టు. దాని మీద."

ఆయన చెయ్యి కడుక్కొచ్చి పాప తల మీద పెట్టాడు. "ఈ బిడ్డ మీద ఒట్టు. ఈ జన్మలో ముట్టను" అన్నాడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు. నలభై రోజులు ఉండగలిగాడు కూడా. తర్వాత వాకింగు మొదలైంది. రోడ్డు చివర పెట్రోలు బంకులో అరలోకి వేలు చూపించి సిగరెట్లు కొనుక్కోవడం, కార్లు పెట్టే షెడ్డు వెనక నిలబడి కాల్చడం. కోటు తగిలించే అలమారాలో వాసన పట్టుకుని నేను నిలదీశాను.

"పసిబిడ్డ మీద ఒట్టేశావయ్యా, గుర్తుందా?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలేవే. నువ్వు అరవబాక. ఒట్టు తప్పానని నోటితో అంటేనే బిడ్డకు తగిలేది."

అట్లాంటి శాస్త్రం ఎక్కడా లేదని నాకు తెలుసు. అయినా నమ్మాను. నమ్మక చేసేదేముంది? నోరు తెరిచి అంటే పాపకు ఏమన్నా అవుతుందేమోనని భయం. ఆయన కోటు విడిగా ఉతకడం, జేబులో యాలక్కాయలు పెట్టడం నా వంతు అయింది.

డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయే కాగితాలు నింపింది. "స్మోకింగ్ అంట నాన్నా. నెవర్ అని పెట్టేస్తున్నా. మానేశావుగా, పాత కథంతా ఎందుకు, ఇన్సూరెన్స్ వాళ్లు వంద క్వశ్చన్స్ వేస్తారు" అంది. ఆయన తలూపాడు. నేను పాపకు పాలు పడుతున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ డాక్టరు దగ్గర నుంచి వచ్చే కాగితం మీద ఆ ముక్క అచ్చయి వచ్చేది. ఇంగ్లీషు చదవడం వచ్చాక ఒకరోజు బీరువా సర్దుతూ దాన్ని చదివాను. ఎప్పుడూ పొగ తాగని మనిషి అని ఉంది. మడిచి మళ్లీ అక్కడే పెట్టాను. ఆయన దగ్గు అప్పటికే మొదలైంది. స్కాను తీయడానికి ఇంకా రెండేళ్లు ఉంది.

లైబ్రరీ పాఠంలో నాకు మొదట నవ్వొచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మగవాళ్లు వరసపెట్టి చనిపోతుంటే, రోడ్ల మీద పోసే తారు వల్లనని కొందరూ, మోటారు పొగ వల్లనని కొందరూ అన్నారట. సిగరెట్టు మీద మొదట్లో పెద్దగా ఎవరికీ అనుమానం రాలేదు. వాదించుకునే డాక్టర్ల వేళ్ల మధ్య కూడా అదే ఉండేది మరి. తర్వాత కొందరు ఆస్పత్రుల్లో మంచాల దగ్గరికి వెళ్లి, ఎంత తాగేవాడివి, ఎప్పటి నుంచి అని ఒక్కొక్కర్నీ అడిగి రాసుకున్నారు. దానికీ పేచీ పెట్టారు. జబ్బుపడ్డవాడు దేన్నో ఒకదాన్ని తిట్టుకోవాలని చూస్తాడు, వాడి జ్ఞాపకం ఏం నమ్మకం అన్నారు. అయితే సరేనని, బాగా ఉన్న డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీరు తాగుతారా, ఎంత అని ముందే అడిగి పెట్టుకుని, ఎవరు ముందు పోతారో చూస్తూ కూర్చున్నారు. పైపు తాగే ఒక పెద్ద లెక్కల పండితుడు మాత్రం ఒప్పుకోలేదు. పొగ మీదికి మనసు లాగే గుణమూ, ఈ జబ్బు వచ్చే గుణమూ రెండూ పుట్టుకతోనే ఒకే ఒంట్లో ఉండొచ్చు కదా అన్నాడు. కంపెనీలు ఆ మాటను పట్టుకుని, ఇంకా తేలలేదు, ఇంకా తేలలేదు అంటూ ఏళ్లు గడిపేశాయి.

"మా నాన్న కార్ల ఫ్యాక్టరీలో చేసేవాడు, సిగరెట్టు వదిలేవాడు కాదు" అంది టీచరమ్మ పుస్తకం మూస్తూ. "వాళ్లు వాదించుకుంటూ ఉండగానే పోయాడు."

నేను ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే ఆయన పండితుడి పక్షాన చేరాడు.

"చూశావా, చదువుకున్నోడు నా మాటే అన్నాడు. మా నాయన ఎనభై దాటినా చుట్ట వదల్లేదు. ఏమైంది?"

"నీకీ దగ్గు ఎందుకయ్యా మరి?"

"ఈ మంచు దేశంలో గోడలు కూడా దగ్గుతాయే."

వారం తిరక్కుండా వాష్‌బేసిన్‌లో రక్తం పడింది. ఎక్స్‌రే, స్కాను, సూదిపెట్టి తీసిన ముక్క, అన్నీ పది రోజుల్లో అయిపోయాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్, రెండు వైపులా పాకిందన్నారు. ఎప్పుడూ పొగ తాగనివాళ్లకు కూడా ఇది వస్తుంది, ఎందుకనేది ఇంకా పూర్తిగా తెలియదు అని పెద్ద డాక్టరు మా అమ్మాయికి చెప్పాడు. ఆ మాటను ఆమె ఊతకర్రలా పట్టుకుంది. ఫోన్లో అందరికీ అదే చెప్పేది. "ఏ తప్పూ చెయ్యనివాళ్లకీ వస్తుందట. నాన్న తాగడం మానేసి ఎన్నేళ్లయిందో." వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని.

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరు కంటే ముందు గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. మన తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టింది. మెడలో బ్యాడ్జి, చేతిలో పలకలాంటి టాబ్లెట్.

"నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ. నా తెలుగు కొంచెం బ్యాడ్. నవ్వొద్దు, ఓకే?"

"నా ఇంగ్లీషు కంటే నయమేలేమ్మా" అన్నాడు మా ఆయన. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"మేము ఒక స్టడీ చేస్తున్నాం అంకుల్. ఎప్పుడూ స్మోక్ చెయ్యని పీపుల్‌కి ఈ క్యాన్సర్ ఎందుకు వస్తుంది అని. మీరు బ్లడ్ ఇస్తారు, నేను కొన్ని క్వశ్చన్స్ అడుగుతాను. మీకు ఇష్టం అయితేనే."

"ష్యూర్, తప్పకుండా" అంది మా అమ్మాయి. "నాన్న నెవర్ స్మోకర్. చార్ట్‌లో ఉంది."

"ఉంది అక్కా. బట్ నేను అంకుల్‌నే అడగాలి. రూల్." ఆయన వైపు తిరిగింది. "అంకుల్, మీ లైఫ్ మొత్తంలో హండ్రెడ్ సిగరెట్స్ తాగారా? బీడీ, చుట్ట, అన్నీ కౌంట్."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. "లేదమ్మా" అన్నాడు.

ఆ పిల్ల వేలు టాబ్లెట్ మీదికి వెళ్లింది. మంచాల పక్కన కూర్చుని అడిగి రాసుకున్న ఆ మనుషులు నాకు గుర్తొచ్చారు. అంత పెద్ద వాదం, అన్నేళ్ల వాదం, మంచం మీదున్న మనిషి నిజం చెప్తాడనే ఒక్క నమ్మకం మీద నిలబడింది. ఈ పిల్ల మా ఆయన్ను తాగనివాళ్ల వరసలో రాసుకుంటుంది. ఆ రాతను చూసి ఎవరో ఎవరికో ఏదో చెప్తారు. మనవరాలు ఆ వేళకు బడిలో ఉంటుంది. బస్సెక్కి రావాలి. నోటితో అంటేనే బిడ్డకు తగిలేదన్న ఆయన మాట చెవిలో ఉంది.

"ఆగమ్మా" అన్నాను. "తాగాడు. పదిహేనేళ్లప్పటి నుంచి."

"అమ్మా! అది పాత సంగతి. పాప పుట్టినప్పుడే మానేశాడు కదా."

"మానలేదు."

"ఒసే, నోరు ముయ్యి" అన్నాడు ఆయన. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"నాన్నా?" అంది మా అమ్మాయి.

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఎంతమ్మా, రోజుకు నాలుగే" అన్నాడు.

 ఆ పిల్ల టాబ్లెట్ ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "సారీ అంకుల్. అయితే ఈ స్టడీలో మీరు ఉండలేరు. థాంక్యూ ఆంటీ. నేను డాక్టర్‌కి చెప్పాలి, చార్ట్ కరెక్ట్ చెయ్యాలి" అని లేచి వెళ్లిపోయింది.

డాక్టరు వచ్చి మా అమ్మాయితో మెల్లగా మాట్లాడాడు. నాకు అర్థమవుతుందని ఆయనకు తెలియదు. ఈ సంగతి మొదట్లోనే రాసి ఉంటే ఈ వయసు మనిషికి ఏటేటా స్కాను తీయించేవాళ్లం, చిన్నగా ఉండగా కనపడి ఉండేదేమో, చెప్పలేం అన్నాడు. మందలించలేదు. మందలించి ఉంటే బాగుండేది.

"ఏమంటున్నాడమ్మా?" అని అడిగాడు మా ఆయన.

"మందు మారుస్తారేమో అంటున్నాడు నాన్నా" అంది మా అమ్మాయి.

 ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఆయన నాతో అన్నాడు: "నువ్వు గమ్మునుంటే నన్ను మంచోళ్ల లెక్కలో రాసుకునేవాళ్లు."

"ఆ లెక్క తప్పయ్యేది."

"ఓహో. లెక్కలు కూడా నేర్పుతున్నారా లైబ్రరీలో?"

ఆ తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మనవరాలికి మేమేమీ చెప్పలేదు. అది ఎప్పటిలాగే బడి నుంచి వచ్చి తాత పక్కన చేరేది. ఒట్టేసిన ఆయన చెయ్యి మాత్రం దుప్పటి కిందే ఉండేది. పిల్ల తన తల దగ్గరికి తెస్తే ఈయన తల తిప్పుకునేవాడు. పన్నెండో రోజు పిల్లకు జలుబు చేస్తే నన్ను పిలిచి, జ్వరం చూశావా, చూశావా అని అడిగాడు. మాటలు మళ్లీ కలిసింది ఆ జలుబు వల్లే.

మంచు కరిగి రోడ్ల పక్కన బురద తేలిన రోజుల్లో పోయాడు. ఆఖరి వారం ఊపిరికి చాలా కష్టపడ్డాడు. దాని గురించి రాయను.

కర్మ అయిన మర్నాడు మా అమ్మాయి, నేను ఆయన బట్టలు సంచుల్లో సర్దుతున్నాం. అల్లుడు పాపను బయటికి తీసుకెళ్లాడు. మా అమ్మాయి ఒక స్వెట్టరు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది నాన్న కోసమా? ఆ స్టడీ కోసమా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "నా కోసమేనే. ఇంక మొయ్యలేకపోయాను" అన్నాను.

"నెవర్ అని ఉన్న ఆ డాక్టరు కాగితం నువ్వెప్పుడు చదివావు?"

"రెండేళ్లయింది."

ఆమె స్వెట్టరు సంచిలో పెట్టి ముడి వేసింది. ముడి బిగించేదాకా నా వైపు చూడలేదు.

"అప్పుడే మొయ్యలేకపోవాల్సిందమ్మా" అంది.

అని, సంచి ఎత్తుకుని కారులో పెట్టడానికి వెళ్లింది. నేను రెండో సంచి పట్టుకుని ఆమె వెనకే మెట్లు దిగాను. ఆమె డిక్కీ తెరిచి ఉంచింది. నా చేతిలో సంచి అందుకోలేదు. నేనే లోపల పెట్టాను.