వేడి కాదు పెద్దమ్మా

దువ్వెన నిండా జుట్టు ఊడివచ్చిన రోజు అమ్మ, "వేడి చేసిందే," అంది. నాలుక మీద పుండ్లు లేచినా అదే మాట, కళ్లు మండినా అదే మాట. మా ఇళ్లలో ఒంటికి ఏం వచ్చినా వేడే, మందు మజ్జిగే.

అప్పుడు నేను తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్లి ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఎప్పుడూ పుస్తకాల్లో మునిగి, ఎక్కడా నోరు పెగలని నాకు ఆ తరగతి గదిలో మాత్రం మాట వచ్చేది. అక్కడా చెప్పబోయే మాట మరిచిపోవడం మొదలైంది. ఒకరోజు చేతిలో సుద్దముక్కతోనే కూలబడ్డాను.

"ఇంకోసారి ఇలా అయితే వేరే టీచర్ని చూసుకోవాలమ్మా," అన్నారు హెడ్మాస్టరు.

రేపల్లె నుంచి పెద్దమ్మ దిగింది, సబ్జా గింజలతో, మజ్జిగ సీసాతో. తాగిన ప్రతిసారీ కడుపులో గడబిడ, వెంటనే పరుగు. నెలల తరబడి అంతే. రైల్లో ఆ అవసరం రాకుండా పొద్దున తినడం మానేశాను. డైరీలో కూడా "ఒంట్లో బాగాలేదు" అనే రాసుకున్నాను. అంతకు మించి రాయడానికి చెయ్యి రాలేదు.

చివరికి పెద్దమ్మే తెనాలిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"విరేచనం ఎలా అవుతోంది?" అని ఆవిడ నన్ను అడిగితే జవాబు పెద్దమ్మ చెప్పింది.

"దానికేం, శుభ్రంగా అవుతుందండి. వట్టి వేడండి. చదివి చదివి తలకెక్కింది."

"మీకెలా తెలుసండి? కాసేపు బయట కూర్చోండి."

తలుపు మూశాక, నేలవైపు చూస్తూ అంతా చెప్పాను. ఆవిడ నా కంటి కింది రెప్ప లాగి చూసింది.

"రక్తం లేదమ్మా నీలో. తిన్నది ఒంటికి పట్టట్లేదు. ఇక జుట్టుకి, నోటికి, బుర్రకి ఏం అందుతుంది? ఎందుకో పరీక్షలు చేస్తేగానీ చెప్పలేను. ఈలోగా పాలు, మజ్జిగ ఆపు."

"ఎప్పటికి తగ్గుతుందండి? ఉద్యోగం..."

"ముందే రావాల్సింది," అంది.

బయట హాలు నిండా జనం. పెద్దమ్మ సీసా మూత తీసింది. "తాగవే, మొహం వాడిపోయింది."

ఇప్పుడూ మాట్లాడకుండా తాగితే ఇక తరగతిలో బోర్డు ముందు నిలబడలేను.

"వద్దు పెద్దమ్మా. వేడి కాదు. నెలల నుంచి విరేచనాలు."

నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. తలలన్నీ ఇటు తిరిగాయి.

"మెల్లగా చెప్పవే, జనం వింటున్నారు!" అంటూ పెద్దమ్మ సీసాను కొంగు కింద దాచేసింది.

నేను కుర్చీలో కూలబడ్డాను. రక్తం తీయడానికి పిలిచేదాకా ఏడుస్తూనే ఉన్నాను.