కడుపుకు చెవి ఆనించిన అయ్యవారు

మా సైన్సు అయ్యవారు పోయారని మొన్న జమ్మలమడుగు నుంచి కబురొచ్చింది. నేనూ తమ్ముడూ ప్రొద్దుటూరులో దొరికిన మొదటి బస్సెక్కాం. దారిపొడుగునా తమ్ముడు పొట్ట మీది చెయ్యి తీయలేదు. ఎందుకో నాకు తెలుసు.

చిన్నపేగు పాఠం రోజున ఆయన కటికవాళ్ల అంగట్లో గొర్రె పేగు కడిగించి బకెట్లో తెచ్చేవారు. మేం ముక్కులు మూసుకుంటే, "మీ కడుపులో ఉండేదీ ఇదే గదరా, దాన్ని యాడ పారేస్తారు?" అనేవారు. పేగును తిరగేసి, తన టర్కీ తువ్వాలు పక్కన పెట్టి, రెంటినీ తడిమి చూడమనేవారు. లోపల అచ్చం అట్లాగే నూగు. "తువ్వాలు నీళ్లు పీల్చినట్ల, ఇది తిన్నదాంట్లో సారం పీల్చి నెత్తురుకిస్తాది. ఒంటికి పట్టేది ఈడ." ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకునేవారు. అదొక్కటే మాకు సయించేది కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగినా గంజినీళ్లే ఇమ్మన్నారు డాక్టరు. వాడు ఆకలని ఏడుస్తుంటే చూడలేక మా అవ్వ చాటుగా రాగిసంగటి పెట్టింది. మధ్యాహ్నానికి వాడికి కడుపునొప్పి మొదలైంది. ఆరోజు డాక్టరు ఊళ్లో లేరు. పరుగెత్తి అయ్యవారిని పిలుచుకొచ్చాను.

"ఏంది పెట్టినావవ్వా?"

"జరం పాయ గదప్పా, బలమొస్తాదని రోంత సంగటి పెట్నా."

ఆయన మొహం పాలిపోయింది. "జరం పాయ గానీ, చిన్నపేగు కొసన పుండ్లు మానలేదవ్వా. ఆడ తడిసిన కాగితం మాదిరి ఉంటాది. చినిగిందంటే..." ఆపరేషన్ చేసే ఆసుపత్రి జమ్మలమడుగులో ఉంది. బాడుగ కారు పిలిపించి వాకిట్లో ఉంచారు.

"పేగు కదిలితే పలుకుతాది. పలక్కుండా, కడుపు చెక్క మాదిరి గట్టిపడితే కారెక్కిస్తాం," అని తమ్ముడి కడుపుకు చెవి ఆనించి, మాట్లాడొద్దని వేలు పైకెత్తారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వేలు ఎంతసేపుండిందో చెప్పలేను. చివరికి దించారు.

"పలికిందవ్వా."

ఆయన కళ్లలో నీళ్లు. సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ మళ్లీ విని, నొప్పి తగ్గాకే కారు పంపేశారు. ఆ తర్వాత బజారులో తమ్ముడు ఎదురైతే నమస్కారం పెట్టనిచ్చేవారు కాదు. "కడుపేమంటాందిరా?" అనేవారు.

జమ్మలమడుగులో ఆయన్ని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. భుజం మీద ఆ తువ్వాలే. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరేమనుకుంటారోనని కూడా చూడకుండా, ఆయన కడుపుకు చెవి ఆనించాడు. మాట్లాడొద్దని వాడి వేలు పైకి లేచింది. ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగారు.