ఒడ్డెక్కిన పీతలు

పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కే మనిషి, సెలవు రోజు కూడా ఒళ్లు వాల్చకుండా మోకాళ్ల లోతు వాగులో దిగి రాళ్లెత్తి చూస్తుంటే లోకం నవ్వకేం చేస్తుంది? నవ్వింది. పీతలక్క అని పేరు కూడా పెట్టింది. ఆమె నొచ్చుకోలేదు. "ఏ పేరుతో పిలిచినా పలుకుతా. గుడ్డ ఇవాళ ఇచ్చి రేపే కావాలంటే మాత్రం పలకను" అనేది.

వాగును కనిపెట్టుకుని ఉండే సంఘం ఒకటుంది. ఏ రాయి కింద ఏ పురుగు బతుకుతోంది, ఏది కనిపించడం మానేసింది అని చూసి చెప్పడం అందులో ఆమె వంతు. మగడు పోయాక ఇల్లు బోసిపోయి, ఊరికే కూర్చోలేక చేరింది. రాను రాను ఆ పురుగూ పుట్రా సొంత సంసారమైపోయాయి. తమ్ముడిదీ వాగు బతుకే. ఆ నీళ్లను ఊరికి ఎక్కించే పంపుహౌసులో ఆపరేటరు.

ఆ తమ్ముడి దగ్గరే ఆమె పరువు పోయింది. పోయినేడు వాగు ఎర్రగా పారింది. విషం కలిసిందని ఆమె పరుగున వెళ్లి చెబితే, అతను పైవాళ్లను అడక్కుండానే మోటారు కట్టేశాడు. ఊరు గొంతెండి తిట్టిపోసింది. తీరా పరీక్ష చేయిస్తే అది కుళ్లిన ఆకుల రంగు! తమ్ముణ్ణి సస్పెండ్ చేశారు. మళ్లీ పనిలోకి తీసుకున్నారు గానీ, ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికేనని గట్టిగా చెప్పారు. మరదలు ఆమెతో మాట మానేసింది. తప్పు తనదేనని ఆమెకూ తెలుసు.

అందుకే ఆ ఉదయం వాగు దగ్గర చూసింది చూసి కూడా కాసేపు కదల్లేదు.

నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. వాసన లేదు, నురగ లేదు. కానీ పీతలన్నీ ఒడ్డెక్కాయి. ఎండలో, మనుషుల కాళ్ల మధ్య, బెదరకుండా కూర్చున్నాయి. జనం ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. "అక్కా, నీ చుట్టాలొచ్చారు చూడు!" అని ఎవరో వేళాకోళమాడారు. ఆమె వంగి ఒకదాన్ని తిప్పి చూసింది. పొట్ట కింద ఆవగింజలంతేసి పిల్లలు. పిల్లల్ని మోసే తల్లి పీత చస్తే ఎండలోకి రాదు. వచ్చిందంటే లోపల ఉండలేకే వచ్చింది. కొంగ ఒకటి అంత మేత ఎదురుగా పెట్టుకుని కూడా ముట్టకుండా దూరంగా నిలబడి ఉంది. ఆమె చేతిలోని పీతను ఒడ్డునే వదిలి పంపుహౌసు వైపు పరుగెత్తింది.

పంపుహౌసులో మోటారు రొదకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

"ఆపరా" అంది.

తమ్ముడు ఆమె మొహం కూడా చూడలేదు. "మళ్లీ మొదలెట్టావా అక్కా? అప్పుడు తాడును చూసి పామన్నావు. నా కొంప మునిగింది."

"అప్పుడు రంగు చూసి బెదిరాను. ఇప్పుడు ప్రాణాలున్నవే పారిపోయి వస్తున్నాయిరా."

"విషమని ఖాయంగా చెప్పగలవా?"

ఒక్క అబద్ధమాడితే పనైపోయేది. ఆమెకు నోరు రాలేదు. "చెప్పలేను" అంది.

"మరింకేం! ఇదిగో, చూడు." అతను కుళాయి తిప్పి గ్లాసు నింపి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నువ్వు తాగుతావురా, మొండివాడివి. అదే గ్లాసు నీ కూతురికివ్వు, చూద్దాం."

గ్లాసు అక్కడే ఆగింది. దాన్ని బల్ల మీద పెట్టి, వెళ్లి మోటారు కట్టేశాడు. "పోయింది. ఈసారి ఉద్యోగం పోయినట్టే" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. అంత జరిగాక కూడా తన మాట విన్నాడని ఆమెకు ఏడుపొచ్చింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది.

"ట్యాంకుకి ఎప్పటినుంచి ఎక్కిస్తున్నావు?"

"తెల్లారకముందు నుంచి."

"ఊళ్లోకి వదిలావా?"

"పొద్దున్నే వదిలేశాను." అతను గబగబా ఇంటికి ఫోను చేశాడు. మరదలి గొంతు ఆమెకూ వినిపించింది.

"పాపా? బాటిలు నింపుకుని ఇప్పుడే బడికెళ్లింది. నీళ్లకేమైంది? ఎప్పటికంటే తేటగా వచ్చాయి. ఏం?"

"వాల్వు కట్టి, అందరికీ చెప్పరా!" అని అరుస్తూ ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బడి దారి పట్టింది. దేవుడా, ఈసారి కూడా నేనే పొరబడి ఉండాలి అని పరుగెత్తినంత దూరం మొక్కుకుంటూనే ఉంది.